మీరు లైట్లు చూడకుండా నౌకను మూసేది లేదు

ఒంగోలు నుంచి, మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం. స్పేస్‌షిప్ (అంతరిక్ష నౌక) మోడల్ కిట్లు కట్టి, లైట్లు పెట్టి ఇమ్మని ఆర్డర్ ఇచ్చినవాళ్లలో చాలామంది దసరాకల్లా చేతికొస్తాయని ఎదురుచూశారు. దసరా వెళ్లింది, దీపావళీ వెళ్లింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడుగుతున్నది ఒకటే: "ప్లాస్టిక్ ముక్కలు అతికించడానికి ఇంత టైం ఎందుకన్నా?" అడగడం న్యాయమే. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. అందుకే ఫోన్‌లో తలా ఒక ముక్క చెప్పకుండా మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు పని సంగతి. లైట్లు లేని మామూలు కిట్లు, కార్లు, విమానాలు ఎప్పటిలాగే ఇస్తున్నాను, వాటికి ఆలస్యం లేదు. ఆగినవి పెద్ద నౌకలు. ముఖ్యంగా 1966లో అమెరికా టీవీలో మొదలైన స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్, 1/350 స్కేల్‌ది, అంటే కథలోని నౌకలో 350వ వంతు సైజు. వాటిలో కొన్నిటికి వైరింగ్ అయిపోయింది, లైట్లు వెలుగుతున్నాయి. పై పెంకు, కింది పెంకు మాత్రం ఇంకా అతికించలేదు. అవి మీరొచ్చి చూశాకే అతికిస్తాను. ఎందుకంత పట్టుదల అంటే, పని ఎలా జరుగుతుందో చెబితే మీకే అర్థమవుతుంది.

కథ ప్రకారం ఆ నౌక పొడవు 289 మీటర్లు. 350తో భాగిస్తే బల్ల మీద దాదాపు 83 సెంటీమీటర్లు వస్తుంది. ముందుండే గుండ్రటి సాసర్ ఒక్కటే 36 సెంటీమీటర్ల అడ్డం. కిటికీ రెండు మిల్లీమీటర్లుంటే, అసలు నౌకలో అది 70 సెంటీమీటర్ల కిటికీ. ఈ లెక్క గుర్తుంటే మిగతా పనంతా ఎందుకంత నెమ్మదో తెలుస్తుంది. మన చేతిలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే నౌకలో 35 సెంటీమీటర్ల తేడా వచ్చినట్టు.

కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. పైకి గట్టిగా, తెల్లగా కనిపిస్తుంది కానీ లోపల బల్బు పెడితే వెలుతురు ఆగదు. ఎల్‌ఈడీ వెలిగించగానే నౌకంతా కాగితం లాంతరులా మెరుస్తుంది, కిటికీలు ఎక్కడున్నాయో కూడా తెలియదు. అందుకని లోపలివైపు మొత్తం ముందు నల్ల పెయింట్ కొట్టాలి. దాని మీద తెలుపు కొట్టాలి. నలుపు వెలుతురును బయటికి పోనివ్వదు, తెలుపు దాన్ని లోపలే తిప్పి కిటికీల దాకా తీసుకొస్తుంది. తెలుపు ఒక్కటే చాలు కదా అని కొందరు అంటారు. చాలదు, ఎన్ని పూతలు వేసినా తెలుపులోంచి వెలుతురు కారుతూనే ఉంటుంది.

పెయింట్ ఆరాక షాపు షట్టర్ దించి, ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒక్కో భాగంలో బల్బు పెట్టి చూస్తాను. వెంట్రుకంత గీత కనిపించినా అక్కడ మళ్లీ నలుపు. అన్నిటికన్నా మొండిది సాసర్ అంచు. పైభాగం, కిందిభాగం కలిసే ఆ అతుకు చుట్టూ వెలుతురు బయటికి తన్నుకొస్తుంది. అక్కడ లోపలివైపు అల్యూమినియం టేపు వేస్తాను. పగలు ఎంత చూసినా ఈ లీకులు కనబడవు. అందుకే ఈ పనికి రాత్రే కావాలి. పగలంతా కౌంటర్ దగ్గర ఉండి రాత్రి ఈ పని చేస్తున్నాను, పనివాళ్లను పెట్టలేదు.

ఇక వైరింగ్. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 3.1 వోల్టులు తీసుకుంటుంది. 12 వోల్టుల అడాప్టర్ మీద మూడింటిని వరుసగా కలిపితే 9.3 వోల్టులు పోతాయి, మిగిలిన 2.7 వోల్టులు కరెంటును అదుపు చేసే రెసిస్టర్ చూసుకోవాలి. 150 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 18 మిల్లీఆంపియర్లు పారుతుంది. మామూలు ఎల్‌ఈడీ 20 దాకా తట్టుకుంటుంది, కాబట్టి లెక్క ప్రకారం తప్పేమీ లేదు. అయినా నేను 330 ఓమ్‌లు పెడతాను. అప్పుడు పారే కరెంటు సగానికి పడిపోతుంది, వెలుతురు కాస్త తగ్గుతుంది. తగ్గాలి కూడా. గాలి ఆడని పెంకులో పెట్టి మూసేసే బల్బులవి. వేడి తగ్గితే ఎక్కువ కాలం ఉంటాయి. పైగా కిటికీలోంచి వచ్చే వెలుగు గదిలో మనిషి ఉన్నట్టు అనిపించాలి కానీ ఫ్లడ్‌లైట్‌లా కళ్లలో కొట్టకూడదు. ఎల్‌ఈడీకి, కిటికీకి మధ్య బటర్ పేపర్ ముక్క పెడితే వెలుగు అంతటా సమానంగా పరుచుకుంటుంది.

వైరు కూడా మామూలు వైరు పనికిరాదు. నౌక వెనకవైపు రెక్కల్లా పైకి లేచే రెండు సన్నటి స్తంభాల్లోంచి పైనున్న ఇంజిన్లకు వైర్లు వెళ్లాలి. ప్లాస్టిక్ తొడుగున్న వైర్లు అన్ని పట్టవు. దానికి మోటార్ వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగితీగ వాడుతున్నాను, 36 గేజిది. దాని మందం 0.19 మిల్లీమీటర్లు. వాళ్లు తూకం లెక్కన ఇస్తారు. చివర బ్లేడుతో ఎనామిల్ గీకి, సోల్డర్ చేసి, మీటరుతో చూసి, అప్పుడు పక్కదానికి వెళ్లాలి. గీకడం సరిగ్గా కుదరకపోతే సోల్డర్ పట్టినట్టే ఉంటుంది, ఆ తర్వాత ఎప్పుడో వదిలేస్తుంది. అందుకే వైరింగ్ అయిన ప్రతి నౌకనూ మూయకముందే వరుసగా కొన్ని రాత్రులు తెల్లవార్లూ వెలిగించి ఉంచుతాను.

నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైంది ఫైబర్ ఆప్టిక్, అంటే వెలుతురును ఒక చివర నుంచి ఇంకో చివరకు మోసే సన్నటి తీగ. కిటికీ కన్నా చిన్న దీపాలుంటాయి కదా, వాటికి ఎల్‌ఈడీ పట్టదు. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ఫైబర్ లాగాలి. బంగారప్పని చేసేవాళ్ల పనిముట్లు అమ్మే షాపులో చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు దొరుకుతుంది, దాంతో పెంకుకు రంధ్రం వేస్తాను. మోటారు డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ కరిగి రంధ్రం వెడల్పవుతుంది. ఫైబర్‌ను లోపలినుంచి దూర్చి బయటికి కాస్త వదిలి, లోపలివైపు ఫెవికాల్ చుక్క వేస్తాను. సూపర్ గ్లూ తగిలితే ఫైబర్ పెళుసుబారి, వంచినచోట పుటుక్కున విరుగుతుంది. బయట పెయింట్ అంతా అయ్యాక, మిగిలిన ఫైబర్ మొనను పెంకుకు సమంగా కోసేస్తాను. కోసిన మొన మీద రంగుండదు కాబట్టి అక్కడ వెలుగు చుక్క పెట్టినట్టు నిలుస్తుంది. ఆ క్షణం చూస్తే అప్పటిదాకా పడ్డ కష్టం గుర్తుండదు.

వర్షాల సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. ముసురు పట్టిందంటే గాలిలో తేమ విపరీతం. నేను వాడే లాకర్ (lacquer) రకం పెయింట్ కొట్టగానే అందులోని థిన్నర్ గబగబా ఆవిరై, ఆ చోటు చల్లబడుతుంది. గాలిలోని తేమ అక్కడ చేరి పెయింట్ మీద తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. అలా పాలిపోయిన నౌకను మీకివ్వలేను. ముసురు రోజుల్లో పెయింట్ చిమ్మే ఎయిర్‌బ్రష్ ముట్టుకోవడం లేదు, సోల్డరింగ్ మాత్రమే చేస్తున్నాను. ఆలస్యంలో పెద్ద భాగం దీనిదే.

స్టాండ్ల విషయంలో మంచి కబురుంది. చీమకుర్తిలో పాలిషింగ్ పనిలో ఉన్న మన కస్టమర్ ఒకాయన తన నౌకకు స్టాండు చేయించుకుందామని బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క తెచ్చారు. నల్లటి రాయి, అందులో రాగి బంగారు రంగు మెరుపులు. రాయిలోని బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపులవి. ప్రపంచమంతా కొనే ఆ రాయి దొరికేది మన చీమకుర్తి చుట్టుపక్కలే. దాని మీద ఎంటర్‌ప్రైజ్‌ను నిలబెట్టి, గదిలో దీపాలు ఆపి, నౌకలో లైట్లు వేశాం. కింద రాయిలో చుక్కలు మెరిశాయి. ఇన్నాళ్లూ నేను చెక్క స్టాండ్ల మీద ఎందుకు పెట్టానా అనిపించింది! ఇకమీదట పెద్ద నౌకలన్నీ ఈ రాయి మీదే ఇస్తాను. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, రెండు మందం ఉన్న ముక్క మూడున్నర కిలోలు తూగుతుంది కాబట్టి పిల్లల చెయ్యి తగిలినా నౌక పడదు.

రాయి కింద చిన్న పెట్టె ఉంటుంది. ఇంజిన్ల ముందు నారింజ రంగు వెలుగు గిరగిరా తిరుగుతున్నట్టు చూపించే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, అడాప్టర్ సాకెట్టు, స్విచ్చు అందులో ఉంటాయి. వైర్లు ఇత్తడి గొట్టంలోంచి నౌకలోకి వెళ్తాయి. పాడయ్యే అవకాశమున్నవన్నీ పెట్టెలోనే ఉండాలన్నది నా పద్ధతి, ఎందుకంటే పెట్టెను స్క్రూలు తీసి బాగుచేయొచ్చు. అతికించిన పెంకును విప్పలేం. అతికించే జిగురు ప్లాస్టిక్‌నే కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. తర్వాత "ఆ కిటికీ పసుపుగా ఉంటే బాగుండు" అంటే పగలగొట్టడం తప్ప దారి లేదు. మీరొచ్చి చూశాకే మూస్తానని అనేది అందుకే.

కొన్ని అడక్కండి. రిమోట్‌తో రంగులు మారే స్ట్రిప్పులు నౌకలో పెట్టను. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ దీపాలను తారుమారు చేయను. ఓడలకూ విమానాలకూ ఉన్న పద్ధతే ఈ నౌకకూ పెట్టారు. అన్ని కిటికీలూ వెలిగించమన్నా వద్దనే చెబుతాను. కొన్ని చీకటిగా, కొన్ని పసుప్పచ్చగా, కొన్ని తెల్లగా ఉంటేనే లోపల మనుషులు ఉన్నారనిపిస్తుంది. షూటింగ్ కోసం 1964లో కట్టిన 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, 2016లో బాగుచేసి మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. దానికి ఎడమవైపు పని పూర్తిచేయలేదు, వైర్లు అటునుంచే బయటికి వచ్చేవి. కెమెరాకు కుడివైపు చూపిస్తే వాళ్లకు సరిపోయింది. మీ ఇంట్లో నౌక చుట్టూ మనుషులు తిరుగుతారు, కాబట్టి నేను రెండువైపులా చేయాలి.

ధర గురించి దాచేదేమీ లేదు. కిట్లు విదేశాలవి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, స్కేల్ మోడళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ భారం కిట్ ధరలోనే కనిపిస్తుంది, దాని మీద నేను వేసుకునే లాభం తక్కువ. నా సంపాదన లైటింగ్ కూలి. కొత్త ఆర్డర్లకు ఆ కూలి పెంచుతున్నాను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, గ్రానైట్ స్టాండుకు కూడా అదనంగా తీసుకోను.

కొత్త ఆర్డర్లు సంక్రాంతి దాకా తీసుకోవడం లేదు. ఆ తర్వాత సగం అడ్వాన్స్, లైట్లు చూసిన రోజు పావు, నౌక ఇచ్చినప్పుడు మిగతా పావు. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో కావాలంటే ఎండాకాలం పెయింటింగ్‌కు వీలుండేలా ముందే చెప్పండి, వానాకాలంలో తేదీ మాట ఇవ్వలేను. ఎదురుచూడలేం అనుకున్నవాళ్లు చెబితే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కిస్తాను, ఏమీ అనుకోను.

వైరింగ్ అయిన నౌకల వాళ్లకు ఈ వారం నేనే ఫోన్ చేస్తాను. చీకటి పడ్డాక, ఏడు దాటాక రండి. నౌక ఎవరికోసం చేయిస్తున్నారో వాళ్లను కూడా తీసుకురండి, కిటికీల రంగు వాళ్లే చెప్పాలి. మార్పులుంటే అక్కడికక్కడే రాసుకుంటాను, అవి చేసి మళ్లీ వెలిగించి చూపించాకే జిగురు తీస్తాను. ఊళ్లో లేనివాళ్లకు వీడియో కాల్ చేస్తాను కానీ ఫోన్ కెమెరాలో పసుపు తెలుపుగా, తెలుపు నీలంగా కనబడుతుంది. కందుకూరు, మార్కాపురం వాళ్లు ఒంగోలు పనిమీద వచ్చే రోజు చెప్పండి, ఆ సాయంత్రం మీ నౌక బల్ల మీద సిద్ధంగా పెడతాను.