టీకా సందేశం ఎవరి ఫోనుకు వెళుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పిల్లల టీకా గడువు దగ్గరపడగానే ఇంటివారి సెల్‌ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు ‘యూ-విన్’ ద్వారా వచ్చింది. 2023 జనవరిలో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత దేశమంతటా అమలులోకి తెచ్చారు. మంచి పనే, కాదనను. కానీ విజయవాడ సింగ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నవాడిని కనుక, ఆ సందేశం చివరికి ఎవరి చేతిలో పడుతున్నదో కాస్త తెలుసు.

మొన్న ఒకాయన మెమరీ నిండిపోయిందని ఫోను తెచ్చాడు. అప్పు ఇస్తామని, ప్లాను గడువు ముగుస్తోందని, రమ్మీ ఆడమని వచ్చిన సందేశాల మధ్య ఆయన కూతురి టీకా సందేశం తెరవకుండానే పడి ఉంది. చూపిస్తే, “అవన్నీ కంపెనీవాళ్లు పంపేవే కదండీ, తీసేయండి” అన్నాడు. ఇంటికంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. పగలంతా ఆయనతో పాటు ఆటోనగర్ షెడ్డులో ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని టీకాకు వెళ్లవలసిన తల్లి కంట ఆ సందేశం ఎప్పుడు పడాలి?

ఇంతకంటే పెద్ద చిక్కు నంబర్లతో వస్తోంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు వెంటవెంటనే ఉంటాయి కనుక తల్లులు సాధారణంగా మరచిపోరు. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు 9 నెలలు నిండాక గానీ వేయరు. రెండో మోతాదు, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య. ఇంకో బూస్టర్ అయిదారేళ్ల వయసులో. గుర్తుచేసేవారు నిజంగా కావలసింది ఈ ఎడంలోనే. అప్పటికి మొదట రాయించిన నంబరు పనిచేస్తూ ఉంటుందన్న నమ్మకం ఏమిటి? రీచార్జి ధరలు పెరిగాక ఇంట్లో రెండో సిమ్మును వదిలేసినవారిని నేను రోజూ చూస్తున్నాను. వాడకం లేక రద్దయిన నంబరును 90 రోజులు ఆపి, ఆ తర్వాత కంపెనీ మరొకరికి ఇచ్చుకోవచ్చు. అంటే మన బిడ్డ టీకా కబురు పెళ్లి కూడా కాని ఏ కుర్రాడికో అందుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా పేటను ముంచినప్పుడు టీకా కార్డులూ ఫోన్లూ కలిసే నానాయి. ఆ తర్వాత కొత్త నంబరు తీసుకున్నవారిలో ఎందరు దాన్ని టీకా రికార్డులో మార్పించుకుని ఉంటారు?

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. అక్కడి ఆసుపత్రిలో తాతగారి నంబరు రాయిస్తారు. అయిదో నెలలో తల్లీబిడ్డలు అత్తవారింటికి వచ్చేస్తారు, సందేశాలు మాత్రం తాతగారికే వెళుతుంటాయి. పాపం, ఆయనకు కళ్లజోడు వెతుక్కోవడమే ఒక పని.

విజయవాడ నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి నా విన్నపం ఇది. బుధ, శనివారాల్లో టీకాలు వేసేటప్పుడు ఏఎన్‌ఎం గారు కార్డు మీది నంబరుకు అక్కడికక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూడాలి. మోగితే సరే, లేకపోతే అప్పుడే కొత్త నంబరు రాసుకోవచ్చు. అర నిమిషం పని. తల్లి నంబరుతో పాటు ఇంట్లో మరొకరిది కూడా తీసుకోవాలి. సందేశం ఒక్కటే పంపి ఊరుకోకుండా, ముందురోజు సాయంత్రం ఫోను ఇంటికి చేరే వేళకు తెలుగులో ఒక కాల్ రావాలి. రేపు ఏ అంగన్‌వాడీలో, ఎన్ని గంటలకు, ఏ టీకా అన్నది అందులో చెబితే చదవడం రాని నాయనమ్మ కూడా వింటుంది. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటా టీకా తర్వాత జ్వరం వచ్చిందని భయపడి తర్వాతి మోతాదు మానేసేవారున్నారు. అలాంటి జ్వరం మామూలేనని, ఎక్కువైతే ఎవరిని అడగాలో కూడా ఆ కాల్‌లోనే చెప్పవచ్చు. ఎప్పుడూ ఒకే నంబరు నుంచి చేయాలి. తెలియని నంబరు ఎత్తడం జనం ఏనాడో మానేశారు.

ఎన్ని చేసినా కొన్ని ఇళ్లకు ఫోను చేరదు. హర్యానాలో నోబెల్ పొందిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో బృందం జరిపిన అధ్యయనంలో సందేశాలకు తోడు ఊళ్లో నలుగురికీ కబురు చేరవేసే మనుషులను పెట్టుకున్నప్పుడు, పెట్టిన ఖర్చుకు ఎక్కువ టీకాలు పడ్డాయి. మన వార్డుల్లో ఆ పని చేయగల ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఉన్నారు. కాల్ ఎత్తని ఇళ్ల జాబితా మర్నాడు పొద్దున్నే వారికి అందాలి. ఈ పేరుతో వారి నెత్తిన ఇంకో యాప్ మాత్రం రుద్దవద్దు. ఉన్నవాటితోనే సతమతమవుతున్నారు.

మా బోటి దుకాణాలవాళ్లం చేయగలిగిందీ ఉంది. టీకా కాల్ వచ్చే నంబరు ఏదో ప్రకటిస్తే, రీచార్జికి వచ్చిన ప్రతి పసిబిడ్డ తల్లి ఫోనులో దాన్ని ‘పాప టీకా’ అని సేవ్ చేసి ఇస్తాం. డబ్బులేమీ తీసుకోం.

– ఒక సెల్‌ఫోన్ దుకాణదారు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ