మా పిల్లలకి బండి నేర్పిన ముగ్గురికి పర్లాకిమిడి తల్లిదండ్రుల కృతజ్ఞతలు

మూడు ఆదివారాలు తెల్లారేసరికి గ్రౌండుకి వచ్చి మా పిల్లలకి బండి నడపడం నేర్పిన మెకానిక్ బాబాయి గారికి, డ్రైవింగ్ మాస్టారికి, 108లో పనిచేసే తమ్ముడికి చేతులెత్తి దండం. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు తాళం తీసుకుని గుమ్మం దాటుతుంటే "జాగ్రత్త నాన్నా" అనడం తప్ప మరో మాట తెలీని వాళ్ళం. దేనికి జాగ్రత్త పడాలో మీరు చేత్తో పట్టుకుని చూపించారు. అవి ఇంకో పది ఇళ్ళకి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

ముందు హెల్మెట్ సంగతి. పిల్లలు పెట్టుకుంటున్నవి చాలావరకు నాన్నల హెల్మెట్లే. బాబాయి గారు దర్జీ టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచారు. 56 సెంటీమీటర్ల తలకి 60 సైజు హెల్మెట్ పెడితే, పట్టీ బిగించినా దెబ్బ తగిలే క్షణానికి అది తల మీద నిలవదు. చూసుకునే పద్ధతి ఇది: పట్టీ పెట్టాక వెనక అంచు పట్టుకుని పైకెత్తి ముందుకు తోయాలి, ఊడి రాకూడదు. గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. కొత్తలో బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. లోపల థర్మోకోల్ లాంటి పొర నలిగిపోతూ దెబ్బని తను తీసుకుంటుంది, ఒకసారి నలిగితే మళ్ళీ పొంగదు. అందుకే ఒక్కసారి గట్టిగా పడ్డ హెల్మెట్ పైకి ఎంత నిగనిగలాడినా పక్కన పెట్టేయాల్సిందే. కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 4151 అన్న అంకె చూడాలి. రాత్రి తిరిగేవాళ్ళకి నల్ల అద్దం వద్దు.

మాస్టారు ఎక్కువసేపు ఉన్నది బ్రేకు దగ్గరే, ఉండాల్సింది కూడా అక్కడే. ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందని మనలో చాలామందికి ఓ భయం, దాన్నే పిల్లలకీ ఎక్కించాం. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. ఒక్క వెనక బ్రేకే తొక్కితే ఆ తేలికైన చక్రం బిగుసుకుని పక్కకి ఈడ్చేస్తుంది. రెండూ కలిపి వేయాలి, ముందుది నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలెట్టి బిగించాలి. ఇసక మీద, మలుపులో వంగి ఉన్నప్పుడు మాత్రం గట్టిగా పట్టకూడదు, వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి. గ్రౌండులో సున్నంతో గీతలు గీసి, 20తో మొదలుపెట్టి 40 దాకా ఆపించారు. 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి బండి 11 మీటర్లు పోతుంది, చెయ్యి బ్రేకు మీదకి వెళ్ళేలోపే అంత దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలు. లెక్కల పుస్తకంలో చదివినప్పుడు పట్టని మాట సున్నం గీత దాటేసరికి పిల్లలకి పట్టింది.

టైరు గురించి బాబాయి గారు ఉపన్యాసం ఇవ్వలేదు. సిమెంటు గచ్చు మీద పిడికెడు ధాన్యం పోసి, అరిగిన చెప్పుతో దాని మీద అడుగేయమన్నారు. కాలు జర్రున జారింది. కోతల రోజుల్లో మన ఊళ్ళ దారుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది కదా! అక్కడికి వచ్చాక బ్రేకు వేయకూడదు, ముందే నెమ్మదించి తిన్నగా దాటాలి. గాలి బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి, ఎంతన్నది బండి మీదే స్టిక్కరుంటుంది. గొలుసు కింద వరసని వేలితో కదిపితే సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మరీ వదులైతే పళ్ళ మీంచి ఎగిరి చక్రాన్ని పట్టేస్తుంది.

గుణుపురం లైను రైలు గేట్ల దగ్గర పట్టాలని ఏటవాలుగా దాటొద్దని, చక్రం పట్టాకి అడ్డంగా ఉండేలా దాటాలని, వాన పడితే ఇనుము సబ్బులా జారుతుందని చెప్పారు. ఘాటీలో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగే అలవాటుని గట్టిగా తిట్టారు, మంచిపని చేశారు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. ఇంజను పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి, అవి బాగా వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

108 తమ్ముడూ, నువ్వు చెప్పినవి ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించాం. పడిపోయినవాళ్ళని లేపి కూర్చోబెట్టొద్దు. నీళ్ళు తాగించొద్దు. హెల్మెట్ లాగొద్దు, ఊపిరి ఆడకపోతే తప్ప. మెడ కదలనీయొద్దు. నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి నొక్కి పట్టుకోవాలి, తడిసిందని గుడ్డ తీయకుండా పైన ఇంకోటి పెట్టాలి. ఈలోపు 108కి గానీ 112కి గానీ ఫోను. సాయం చేసినవాళ్ళని పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ ఉందన్న సంగతి మాకు నీ వల్లే తెలిసింది.

పద్దెనిమిది నిండని పిల్లల చేతికి తాళమిస్తే ఏమవుతుందో మాస్టారు మెత్తగా చెప్పలేదు. 2019లో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం బండి యజమానికో తల్లిదండ్రులకో 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లలకి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. 50 సీసీ దాటని బండికి 16 ఏళ్ళు చాలు గానీ, మన ఇళ్ళలోని స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజులకి గానీ పరీక్షకి వెళ్ళలేరు. ఆ నెలరోజులూ ఎర్ర 'ఎల్' ఉన్న పలక తగిలించుకోవాలి, వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకోకూడదు.

అన్నిటికన్నా మమ్మల్ని తాకిన మాట చివర్లో అన్నారు మాస్టారు: "బయలుదేరాక ఫోను చేసేది మీరే. నాన్న నంబరు చూస్తే ఏ పిల్లాడూ ఎత్తకుండా ఉండడు, బండి మీదున్నా సరే." ఆ రోజు నుంచి ఇళ్ళలో ఒకే ఏర్పాటు. చేరాక వాళ్ళే చేస్తారు, అప్పటిదాకా మేం చేయం.

బాబాయి గారూ, మీ కొలత టేపు మా దగ్గరే ఉండిపోయింది. ఇంకో నలుగురు పిల్లల తలలు కొలవాల్సి ఉంది, అవగానే షాపు దగ్గరికి తెచ్చిస్తాం.