ఆకుపచ్చ టిక్కు మాట నమ్మకు

నాన్నా,

యాంటీ స్పైవేర్ వేసుకున్నాను, మూలన ఆకుపచ్చ టిక్కు కనిపిస్తోంది, ఇంక ఫర్వాలేదు కదా అని అడిగావు. స్పైవేర్ అంటే మనకు తెలియకుండా మెషిన్‌లో చేరి మన సంగతులు బయటికి చేరవేసే ప్రోగ్రాము, దాన్ని పట్టుకునేదే యాంటీ స్పైవేర్. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని, ఇది పక్కన పెట్టుకుని చూసుకో.

ఆ టిక్కు పెట్టిందెవరు? ఆ ప్రోగ్రామే. తన గురించి తను చెప్పుకునే మాట అది. బాగా పనిచేసే ప్రోగ్రామూ టిక్కు పెడుతుంది, లోపల ఏదో భాగం ఆగిపోయిన ప్రోగ్రామూ పెట్టచ్చు. మోసం చేయడానికే పుట్టిందైతే ఇంకా పెద్ద టిక్కు పెడుతుంది. ఇదేమీ ఊహించి చెప్పడం లేదు. 2000ల మధ్యలో విన్‌ఫిక్సర్, స్పైషెరిఫ్ లాంటివి కాపాడే ప్రోగ్రాముల వేషంలోనే వచ్చాయి. లేని ప్రమాదాలను తెర నిండా చూపించి, తీసేయాలంటే డబ్బు కట్టమనేవి. విన్‌ఫిక్సర్ వెనకున్న వాళ్ల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కేసు వేసింది. 2012లో కోర్టు 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. కాబట్టి అన్నిటికన్నా ముందు నీ ప్రోగ్రాము ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకో. నువ్వే వెతికి, తయారుచేసిన వాళ్ల సైటు నుంచి తెచ్చుకుంటే సరే. ఏదో పేజీ చూస్తుంటే ఎగిరి ముందుకొచ్చి భయపెట్టిన కిటికీ మీద నొక్కితే వచ్చిందైతే, పరీక్షలేం అక్కర్లేదు, తీసిపారెయ్.

తర్వాత, ఇప్పుడు నిజంగా కాపలా కాస్తున్నది ఏదో చూడు. విండోస్‌తో డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత కాపలా ప్రోగ్రాము ఎలాగూ వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జెయింట్ అనే కంపెనీని కొని, వాళ్ల యాంటీ స్పైవేర్‌నే ఆ తర్వాత డిఫెండర్‌గా మార్చింది. విండోస్ 7 దాకా అది స్పైవేర్ సంగతి మాత్రమే చూసేది, విండోస్ 8 నుంచి వైరస్‌ల పని కూడా దానికే అప్పగించారు. నువ్వు బయటినుంచి ఇంకో యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ మామూలుగా పక్కకు తప్పుకుంటుంది. ఆ రెండోదాని ట్రయల్ గడువు అయిపోయాక ఎవరు డ్యూటీలో ఉన్నారన్నది చాలామంది చూసుకోరు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్రొవైడర్స్ అన్నచోట చూస్తే పేరుతో సహా ఉంటుంది. ఒకేసారి రెండు ప్రోగ్రాములు రియల్ టైమ్ కాపలాకి, అంటే ప్రతి ఫైలునీ అప్పటికప్పుడే చూసే పనికి దిగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మెషిన్ నత్తనడక నడుస్తుంది. ఎక్కువ ఉంటే ఎక్కువ రక్షణ అనుకోకు.

ఇంకో చిక్కుంది. ఉచితంగా దొరికే కొన్నిటికి రియల్ టైమ్ కాపలా అసలు ఉండదు. నువ్వు స్కాన్ నొక్కితేనే లేచి పనిచేస్తాయి. నీది ఆ రకమా కాదా తెలుసుకోకుండా కింద చెప్పే పరీక్ష చేస్తే, ఫలితం చూసి అనవసరంగా టెన్షన్ పడతావు.

నీ ప్రోగ్రాము చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో ఆ తేదీ చూడటం ఒక్క క్షణం పని. ఈరోజుదో నిన్నటిదో అయితే మంచిదే. వారాల కిందటిదైతే కారణం వెతకాలి. కంప్యూటర్లో తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా అప్‌డేట్లు రావు, డిస్క్ నిండిపోయినా రావు. ఇవి రెండూ బాగుండి, మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ సెక్యూరిటీ కంపెనీల సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే అనుమానించాలి. హోస్ట్స్ అని విండోస్‌లో ఒక పాత టెక్స్ట్ ఫైలుంటుంది. ఏ సైటుకు ఏ అడ్రసు అన్నది మెషిన్ ముందు అందులోనే చూస్తుంది. అందులో ఆ కంపెనీల పేర్లు రాసి, ఎదురుగా నీ మెషిన్ అడ్రసే పెట్టి దారి మూసేయడం స్పైవేర్ రాసేవాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

ఇక అసలు పరీక్ష. నిజమైన స్పైవేర్ తెచ్చి ప్రయోగం చేయకు, ఎవరు చెప్పినా సరే. దానికోసమే ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కంప్యూటర్ యాంటీవైరస్ రీసెర్చ్ అనే సంస్థ పేరు మీద ఉన్నది. మొత్తం 68 అక్షరాలు, అంతే. దేనికీ హాని చేయదు. కానీ దాన్ని చూడగానే వైరస్‌ని చూసినట్టే గోల చేయాలని తయారీదారులు ఒప్పుకున్నారు. దొంగ వేషం కట్టించి కాపలావాడి ముందు నిలబెట్టడం లాంటిదే ఇది.

బ్రౌజర్‌తో డౌన్‌లోడ్ చేయబోతే బ్రౌజరే ఆపేయచ్చు. అప్పుడు మన ప్రోగ్రాము పట్టుకుందని సంబరపడకు, అడ్డుపడింది బ్రౌజర్ సొంత వడపోత. హెచ్చరిక ఎవరి పేరుతో వచ్చిందో చదువు. దానికన్నా సులువైన దారి, ఐకార్ సైటులో ఉన్న ఆ 68 అక్షరాలను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేయడం. చేత్తో టైప్ చేస్తే మూడో అక్షరం ఇంగ్లీషు పెద్ద ఓ, సున్నా కాదు. అక్కడ పొరపాటు చేసి, నా యాంటీవైరస్ పనికిరాదని తీర్మానించేవాళ్లు ఉంటారు. ఫైలు మొదటి అక్షరం నుంచే ఆ వరుస ఉండాలి, ముందు ఖాళీ కూడా ఉండకూడదు. సేవ్ చేసిన వెంటనే గానీ, తెరవబోయినప్పుడు గానీ ప్రోగ్రాము మీదపడాలి. ఏమీ జరగకపోతే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయించు. అప్పుడు పట్టుకుంటే దానికి గుర్తుపట్టడం వచ్చు, కాపలాయే ఆగిపోయి ఉందన్నమాట. అప్పుడూ పట్టుకోకపోతే లోపం ఇంకా లోతుగా ఉంది. ఈ పని ఇంటి మెషిన్‌లోనే చెయ్యి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చేశావంటే ఐటీ వాళ్ల దగ్గర అలారం మోగి, నువ్వు సంజాయిషీ చెప్పుకోవాలి.

అయితే ఐకార్ వైరస్ స్కానర్ల కోసం పుట్టింది. స్పైవేర్ కోసమే చేసిన కొన్ని ప్రోగ్రాములు దాన్ని లెక్కచేయవు, అది తప్పు కాదు. స్పైవేర్, అడక్కుండా ప్రకటనలు చూపించే యాడ్‌వేర్ చాలావరకు ఉచిత ప్రోగ్రాముల్లో కలిసి, నువ్వు చదవకుండా ఒప్పుకున్న షరతుల చాటున వస్తాయి. వాటిని వైరస్ అనకుండా, అక్కరలేని యాప్ అనే లెక్కలో వేరుగా పెడతారు. డిఫెండర్‌లో దీనికి స్విచ్ కూడా వేరే, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ లోపల రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద ఉంటుంది. నువ్వు అడిగినదానికి ఇదే అసలైన చోటు, అదేమో అందరి కంటా పడదు. ఇలాంటి ప్రోగ్రాముల్ని ఎలా పరీక్షించాలో ప్రమాణాలు పెట్టడానికి 2008లో మొదలైన ఏఎంటీఎస్ఓ అనే సంస్థ సైటులో ఈ రకాన్ని పరీక్షించడానికి కూడా హానిలేని ఫైలు పెట్టారు. స్విచ్ ఆన్ చేసి దాన్ని కూడా ప్రయత్నించు.

పరీక్ష అయ్యాక విండోస్ సెక్యూరిటీలోనే ప్రొటెక్షన్ హిస్టరీ తెరువు. నీ టెస్ట్ ఫైల్ ఏ గంటకు దొరికింది, దాన్ని ఏం చేశారు, అన్నీ అక్కడ ఉండాలి. నేనైతే టిక్కు కన్నా ఈ పేజీనే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇది చేసిన పనికి లెక్క. ఇంకా లోపలికి వెళ్లే ఓపికుంటే, విండోస్‌లో జరిగినవన్నీ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో డిఫెండర్ లాగ్, అంటే దాని దినచర్య పుస్తకం ఉంటుంది. 1116 నంబరుంటే ఏదో దొరికిందని, 5001 ఉంటే రియల్ టైమ్ కాపలా ఆఫ్ అయిందని అర్థం. నువ్వు ఆఫ్ చేయకుండా 5001 కనిపిస్తే, ఆ సమయంలో ఏం ఇన్‌స్టాల్ చేశారో నువ్వూ అమ్మాయీ కూర్చుని గుర్తు చేసుకోండి. ఎక్స్‌క్లూజన్స్ జాబితా కూడా చూడు. అందులో రాసిన ఫోల్డర్ జోలికి స్కానర్ పోదు. నీకు తెలియని ఫోల్డర్ పేరు ఉంటే తీసేయ్. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంచు, ఈ సెట్టింగులను వేరే ప్రోగ్రాములు మార్చకుండా అది అడ్డుపడుతుంది.

ఇవన్నీ సరిపోయాక కూడా తేలేది ఒక్కటే, కాపలావాడు మేలుకుని ఉన్నాడని. కొత్తగా పుట్టిన స్పైవేర్‌ని గుర్తుపడతాడా అన్నది ఇంట్లో తేల్చలేం. దానికి ఏవీ టెస్ట్, ఏవీ కంపారేటివ్స్ లాంటి ల్యాబులు క్రమం తప్పకుండా పరీక్షలు చేసి ఫలితాలు బయటపెడతాయి, నీ ప్రోగ్రాము పేరు అక్కడ వెతుకు. ఎవరో కావాలని పెట్టిన రిమోట్ కంట్రోల్ ప్రోగ్రాముల్ని కూడా స్కానర్ వదిలేయచ్చు, ఎందుకంటే అవి చట్టబద్ధంగా అమ్మే సరుకే. ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా నువ్వే కళ్లతో చూసుకోవాలి. సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులైన కుకీలను ప్రమాదాలుగా లెక్కేసి పెద్ద అంకె చూపించే ప్రోగ్రాములుంటే ఆ అంకెకు బెదరకు.

పరీక్షలన్నీ నెగ్గినా బ్రౌజర్ హోమ్ పేజీ దానంతటదే మారిపోతుంటే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి అప్పుడు దాక్కోలేవు. 15 నిమిషాలు పట్టచ్చు, మెషిన్ రీస్టార్ట్ అవుతుంది, తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోమని అమ్మాయికి కూడా చెప్పు. ప్రొటెక్షన్ హిస్టరీ ఫొటో తీసి నాకు పంపు, ఆదివారం ఫోన్ చేసినప్పుడు చూస్తూ మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అమ్మ