పెద్ద ఓడ వచ్చిన రోజు మా లారీల గతేమిటి?

గౌరవనీయులైన పోర్టు ఛైర్మన్ గారికి,

నమస్కారం. మూడుసార్లు విన్నవించినా జవాబు రాలేదు కాబట్టి, ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను.

1956లో కంటైనర్ రవాణాకు నాంది పలికిన ‘ఐడియల్ ఎక్స్’ ఓడ మోసింది 58 కంటైనర్లు, అంటే సరుకు నింపే పెద్ద ఇనుప పెట్టెలు. ఇప్పటి 400 మీటర్ల ఓడలు, 20 అడుగుల పెట్టెల లెక్కన, 24,000 దాకా మోస్తున్నాయి. ఓడ నిండితే పెట్టెకు ఇంధనం ఖర్చు తగ్గుతుంది, నిజమే. (నిండితేనే లెండి.) ఆ మిగులు ఓడ కంపెనీది. లోతు తవ్వకం, పెద్ద క్రేన్లు, యార్డు విస్తరణ మాత్రం రేవు నెత్తిన పడతాయి.

అసలు కష్టం, సరుకంతా ఒక్కసారే దిగడం. రెండు రోజులు ఖాళీగా ఉన్న గేటు మూడో రోజు జామ్. మొన్న మా డ్రైవర్ ఒకాయన పద్నాలుగు గంటలు క్యూలో ఉన్నాడు. స్టీరింగ్ మీద తల వాల్చి కునుకు తీయడం, వెనకవాళ్ల హారన్‌కి ఉలిక్కిపడి లేవడం. టాయిలెట్‌కి దిగితే వంతు పోతుందని నీళ్లు కూడా తాగలేదు. యార్డులో పెట్టె దొరక్క ఆలస్యమైనా డెమరేజీ (గడువు దాటి సరుకు రేవులో ఉంటే వేసే అదనపు రుసుము) కట్టేది సరుకుదారే. ఇదెక్కడి న్యాయం?

పెద్ద ఓడ వచ్చే రోజుల్లో లారీలకు గంటలవారీ టోకెన్లు ఇవ్వండి, రాత్రంతా గేటు తెరవండి. రేవు వల్ల జరిగిన ఆలస్యానికి డెమరేజీ రద్దు చేయండి. నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక లారీ యజమాని