నలుపు వేడిని పీల్చుకుంటుందని తెలిసీ అడగలేకపోయాను

సంపాదక మహాశయులకు,

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడగానే జిల్లా పేజీల్లో చర్మ సౌందర్య కేంద్రాల ప్రకటనలు పెరుగుతాయి. కిందటి మాఘమాసంలో అలాంటి ప్రకటన ఒకటి చూసే మా రెండో అమ్మాయిని ఒక కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ జరిగింది మరో ఇంట్లో జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒంగోలు దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 22 ఏళ్ళుగా భౌతిక శాస్త్రం చెబుతున్నాను. రెండు రేకు డబ్బాలు తీసుకుని ఒకదానికి నల్లరంగు, ఒకదానికి తెల్లరంగు పూయించి, నీళ్ళు పోసి ఎండలో పెట్టిస్తాను. అరగంట తరువాత థర్మామీటరు ముంచి చూస్తే నల్లడబ్బాలో నీళ్ళే ఎక్కువ వేడిగా ఉంటాయి. ఏటా పిల్లల చేత చేయించే ఆ ప్రయోగమే నా కూతురి చెంపల మీద జరుగుతుంటే, పక్కనే కుర్చీలో కూర్చుని కూడా గుర్తించలేకపోయాను.

అమ్మాయికి చెంపల పక్కన, పై పెదవి మీద నూగు ఎక్కువ. జ్యేష్ఠంలో పెళ్ళి. లేజర్‌తో నూగు తీసేస్తామని నాలుగు సిట్టింగులకు ముందుగానే డబ్బు కట్టించుకున్నారు. లోపల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి కళ్ళద్దాలు పెట్టి, చల్లని జెల్ రాసి, యంత్రం మూతిని చెంపకు ఆనించింది. వెలుగు మెరిసిన ప్రతిసారీ మా అమ్మాయి ఉలిక్కిపడింది. ‘కొంచెం చురుక్కుమంటుంది, ఓర్చుకోండి’ అన్నారు. ఈమధ్య ఎండలో తిరిగావా, మందులేమైనా వాడుతున్నావా అని ఒక్కరూ అడగలేదు. ముందు ఆదివారమే అది స్నేహితురాళ్ళతో కొత్తపట్నం సముద్రానికి వెళ్ళి పొద్దంతా ఇసుకలో గడిపి వచ్చింది.

మూడో రోజుకు రెండు చెంపల మీదా గోధుమరంగు పట్టీలు తేలాయి. ఒక్కొక్కటీ సరిగ్గా యంత్రం మూతి ఆకారంలో, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఫోను చేస్తే ఐసు పెట్టమన్నారు. మళ్ళీ చేస్తే తీయలేదు.

ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలో డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి మాట, ‘ఎండకు వెళ్ళావామ్మా?’ అని. ఆ ఒక్క ప్రశ్న వారం ముందు ఎవరైనా అడిగి ఉంటే నేను ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఆవిడ చెప్పింది విన్నాక ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. మాకు లేజర్ అని చెప్పింది లేజరే కాదు. దాన్ని ఐపీఎల్ అంటారు, అంటే తీవ్రమైన కాంతిని విడతలుగా వదిలే దీపం. లేజర్ వెలుగుకు ఒకే తరంగదైర్ఘ్యం ఉంటుంది. ఈ దీపం సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల వరకు అనేక తరంగాలను కలిపి వదులుతుంది. రెండింటి గురీ వెంట్రుక కుదురులోని మెలనిన్ మీదే. ఆ నల్లని పదార్థం వెలుగును పీల్చుకుని వేడెక్కి కుదురును మాడుస్తుంది. వెలుగు తగిలే సమయాన్ని తగినంత కుదిస్తే గురిపెట్టినదే కాలి చుట్టుపక్కల భాగం క్షేమంగా ఉంటుందని ఆండర్సన్, ప్యారిష్ అనే శాస్త్రవేత్తలు 1983లో ప్రకటించారు. అయితే మన చామనఛాయకు కారణం కూడా ఆ మెలనినే. ఎండకు కమిలిన చర్మంలో అది ఇంకా ఎక్కువ. అప్పుడు కుదురుకు చేరవలసిన వేడిని పైచర్మమే పట్టేస్తుంది. ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణలో చర్మం బాగా తెలుపు నుంచి బాగా నలుపు వరకు ఆరు రకాలు. మనలో చాలామంది నాలుగు, అయిదు రకాల కిందకు వస్తారు. అందుకే ముదురు చర్మానికి మెలనిన్ తక్కువగా పీల్చుకునే, లోతుకు దిగే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను వైద్యులు ఎంచుకుంటారు. పైచర్మాన్ని చల్లబరుస్తూ, తక్కువ శక్తితో మొదలుపెట్టి, ముందు చెవి పక్కన చిన్నచోట పరీక్షించి కొన్నాళ్ళు ఆగి చూస్తారు.

లేజర్ల మీద నాకు ద్వేషం లేదు. మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక పాపకు పుట్టుకతోనే కంటి చుట్టూ, నుదుటి మీద నీలి మచ్చ ఉండేది. ఓటా మచ్చ అంటారట. జుట్టు ముఖం మీదకు లాక్కుని చివరి బెంచీలో కూర్చునేది. చర్మవైద్యుల దగ్గర, అతి తక్కువ సమయం మెరిసే క్యూ-స్విచ్‌డ్ లేజర్‌తో నెలల ఎడంతో చాలాసార్లు చేయించారు. ఇప్పుడు మచ్చ ఛాయ మాత్రమే ఉంది. పాప రెండు జడలు వేసుకుని ముందు బెంచీకి వచ్చింది. ఆ పిల్లను చూసే నేను కూడా ధైర్యం చేశాను. అక్కడ యంత్రం వెనుక చర్మవైద్యుడు ఉన్నాడు. మా అమ్మాయి దగ్గర ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మంగు మచ్చలున్న ఆడవాళ్ళ గురించి మరీ బెంగగా ఉంది. మా స్టాఫ్ రూములోనే ముగ్గురున్నాం. లేజర్ వేడికి మంగు ఒక్కోసారి మునుపటికంటే ముదురుతుందని, తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తుందని డాక్టరమ్మ హెచ్చరించారు. ‘ఒక్క సిట్టింగులో మంగు మాయం’ అని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తున్నారు.

అయ్యా, ప్రకటనల ఆదాయం పత్రికకు అవసరమని తెలుసు. అయినా చికిత్స చేసే వైద్యుల పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్రకటనలను దయచేసి తీసుకోకండి. వచ్చే ముహూర్తాలలోపు ఒక చర్మవైద్యుల చేత, వాడేది లేజరా ఐపీఎల్లా, మన రంగుకు సరిపోతుందా, ముందు పరీక్షిస్తారా, ఎండ నుంచి ఎన్నాళ్ళు దూరంగా ఉండాలి అన్నవి వివరంగా రాయించండి. ఆ వ్యాసాన్ని ఆరోగ్యం పేజీలో కాకుండా ఆ ప్రకటనలు పడే పేజీలోనే అచ్చు వేయండి. పెళ్ళి తలపెట్టిన తల్లులు ముందు తిప్పేది ఆ పేజీనే.

మా అమ్మాయి పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది. కుడి చెంప మీద మచ్చలు పోయాయి. ఎడమ వైపు రెండు ఇంకా ఉన్నాయి. సన్‌స్క్రీన్ రాసుకుంటోంది.

ఇట్లు,
ఒక భౌతిక శాస్త్ర ఉపాధ్యాయిని,
ఒంగోలు