పచ్చిక నిర్వహణ ఉపసంఘం వార్షిక నివేదిక: జీరో టర్న్ మోవర్‌తో మొదటి ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో అందరి నోళ్లలో నానింది గడ్డి కోసే యంత్రమే. అందుకని మిగతావి ముందే చెప్పేస్తాను. కార్యవర్గం ప్రతి నెలా కలిసింది, ఒక్క నెల మాత్రం కోరం చాలక వాయిదా పడింది. వాన నీటి కాలువలో పూడిక తీయించాం. ఆటస్థలం పక్కన విరిగిన రెండు బెంచీలు మార్చాం. నాటిన మొక్కల్లో కొన్ని బతకలేదు, వాటి చోట మళ్లీ నాటుతాం. జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో విడిగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ డబ్బు ఊసెత్తను. ఇక మోవర్ సంగతికి వస్తాను.

ఎందుకు కొన్నాం

మన ఉమ్మడి స్థలంలో కోయాల్సిన పచ్చిక దాదాపు మూడెకరాలు. నిరుడు ఒక సాయంత్రం నేనూ కోశాధికారి గారూ కాగితం పట్టుకుని నడిచి లెక్కపెడితే చెట్లు, దీపస్తంభాలు, బెంచీలు, పూలమళ్లు కలిపి డెబ్బైకి పైగా అడ్డాలు తేలాయి. పాత ట్రాక్టర్ తరహా మోవర్ ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదలు దగ్గర జానెడు గడ్డి మిగిలిపోయేది. దాన్ని చేత్తో పట్టుకునే ట్రిమ్మర్‌తో కోయడానికి అసలు కోతకన్నా ఎక్కువసేపు పట్టేది.

జీరో టర్న్ పద్ధతి వేరు. మనం కొన్న రకంలో స్టీరింగ్ ఉండదు, రెండు లివర్లుంటాయి. వెనక చక్రాలు రెండింటికీ విడివిడిగా హైడ్రోస్టాటిక్, అంటే నూనె ఒత్తిడితో నడిచే, గేర్‌బాక్సులు. ముందు చక్రాలు ఆఫీసు కుర్చీ చక్రాల్లా ఎటు లాగితే అటు తిరుగుతాయి, అంతే. రెండు లివర్లూ సమానంగా నెడితే బండి నేరుగా పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి అంటే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. ఇదేదో నిన్న మొన్నటి వింత కాదు. 1960ల్లో అమెరికాలోని కాన్సాస్‌లో జాన్ రెగియర్ తయారు చేసిన యంత్రమే ఇవాళ్టి హస్లర్ మోవర్లకు మూలం.

ఎంపికలో జరిగిన వాదన

దాచడానికేముంది, మొదటి సమావేశంలో అందరం హార్స్‌పవర్ గురించే మాట్లాడుకున్నాం. తర్వాత డెక్, అంటే బ్లేళ్లను కప్పి ఉంచే రేకు గూడు, దాని వెడల్పు మీద పడ్డాం. 60 అంగుళాలది కొంటే పని చిటికెలో అయిపోతుందని సగంమంది, 54 చాలని మిగతావారు. వెనక పచ్చికలోకి వెళ్లే గేటు కొలిచారా అని మూల కుర్చీలోంచి ఒక సభ్యురాలు అడిగేదాకా ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. మర్నాడు టేపు పెట్టి కొలిస్తే గేటు సందు సరిగ్గా నాలుగున్నర అడుగులు, అంటే 54 అంగుళాలు. అయితే 54 డెక్ దూరుతుందిగా అన్నారు కొందరు. దూరదు. డెక్ కొలత అంటే బ్లేళ్లు కోసే వెడల్పు. దాని చుట్టూ రేకు ఉంటుంది, పక్కన గడ్డి చిమ్మే మూత ఉంటుంది. మూత పైకి మడిచినా బయటి వెడల్పు డెక్ కొలతకన్నా ఎక్కువే. అందుకే 48 అంగుళాలది తీసుకున్నాం. మూత మడిచి గేటు దాటడం, లోపలికి వెళ్లాక మూత దించి బ్లేళ్లు ఆన్ చేయడం. మూత ఎత్తి ఉండగా కోత మొదలుపెడితే లోపల దొరికిన రాయి బుల్లెట్‌లా బయటికి వస్తుంది.

వెడల్పు తగ్గితే ఎంత నష్టమో కూడా లెక్కేశాం. గంటకు మైళ్లను డెక్ అంగుళాలతో గుణించి 99తో భాగిస్తే గంటకు ఎన్ని ఎకరాలో వస్తుంది. గంటకు 5 మైళ్లు, అంటే సుమారు 8 కిలోమీటర్ల వేగంలో 48 అంగుళాల డెక్ 2.4 ఎకరాలు కోస్తుంది. మలుపులకూ, పక్క వరస మీదికి కొంచెం జరిపి కోయడానికీ ఐదో వంతు తీసేస్తే 1.9 ఎకరాలు. మూడెకరాలకు గంటన్నర పైచిలుకు. అదే 60 అంగుళాలదైతే గంటా పావు. ఇరవై నిమిషాల కోసం గేటు పగలగొట్టుకోవడం ఎందుకన్నది చివరికి అందరూ ఒప్పుకున్నారు. హార్స్‌పవర్ గొడవ ఆపాటికే చల్లారింది. ఈ కొలత డెక్‌కు ఇరవై పైచిలుకు చాలు.

అంతకన్నా పట్టించుకోవాల్సినవి రెండు. ఒకటి డెక్ రేకు. ఒకే రేకును అచ్చుగుద్దిన డెక్కులు తేలిగ్గా ఉంటాయి. మందపాటి రేకులు కత్తిరించి వెల్డింగ్ చేసినవి రాళ్లకూ వేళ్లకూ తట్టుకుంటాయి. ఇక్కడ గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 10 గేజ్ సుమారు 3.4 మిల్లీమీటర్లు, 7 గేజ్ సుమారు 4.5. బ్రోషర్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోకూడదు. రెండోది గేర్‌బాక్సు. ఇళ్లవాళ్ల కోసం చేసే చవక రకాల్లో కొన్నిటిలో గేర్‌బాక్సుకు సీలు వేసేస్తారు, నూనె మార్చే వీలుండదు. మన బండి వారానికోసారి గంటన్నరకు పైగా నడుస్తుంది కాబట్టి ఫిల్టరూ నూనే మార్చుకునే రకమే తీసుకున్నాం.

బ్యాటరీ మోవర్ ఎందుకు కాదని ఇప్పటికీ అడుగుతున్నారు. చప్పుడు తక్కువ, నూనె గొడవ లేదు, నాకూ ఇష్టమే. కానీ మన షెడ్డులో ఉన్నది ఒక్క బల్బు. ఛార్జింగ్‌కు తగిన వైరింగ్ వేశాక మళ్లీ మాట్లాడుకుందాం.

కుంట గట్టు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. జీరో టర్న్‌లో మలుపూ వెనక చక్రాలదే, బ్రేకూ వాటిదే. అవి పట్టు తప్పితే ముందు చక్రాలు ఏ సాయమూ చేయవు, బండి ఎటు వాలు ఉంటే అటు జారుతుంది. ఇది మాన్యువల్‌లో చదివాం, చదివి మర్చిపోయాం. వాన వెలిసిన మర్నాడు పొద్దున నేను కుంట పక్క వాలు మీద అడ్డంగా కోస్తున్నాను. గడ్డి ఇంకా తడిగా ఉంది. పైవైపు చక్రం ఒక్కసారి ఒట్టి తిరుగుడు తిరిగింది. లివర్లు రెండూ నడిమికి తెచ్చాను. బండి ఆగలేదు, నెమ్మదిగా, సబ్బు జారినట్టు, నీళ్లవైపు జారుతోంది. గట్టు అంచున ఉన్న రాతి వరసకు డెక్ తగిలి ఆగింది. అక్కడికీ నీళ్లకూ మధ్య రెండు మూరలు. బండి దిగాక కూడా చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

చాలా కంపెనీలు 15 డిగ్రీలు దాటిన వాలు మీద వద్దంటాయి, కొన్ని 10 డిగ్రీలకే ఆపేస్తాయి. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టి చూస్తే ఆ గట్టు 18. అంటే తడి లేకపోయినా అక్కడికి వెళ్లకూడదు. ఇప్పుడు గట్టు నుంచి బండికి రెండింతల వెడల్పు దూరంలో చిన్న రాళ్లకు తెల్ల సున్నం వేసి గీత పెట్టాం. ఆ గీత అవతల గడ్డి ట్రిమ్మర్‌తోనే. సీటు వెనక ఉన్న రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే కమ్మీ) నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోవాలి. కొమ్మల కిందికి వెళ్లేందుకు బార్ మడిస్తే బెల్టు తీసేయాలి, బండి బోల్తా పడితే దూకే వీలుండాలి కదా.

అలాగే, పిల్లల్ని ఒక రౌండు తిప్పమని అడిగిన తల్లిదండ్రులకు ‘లేదు’ అని చెప్పినందుకు కొందరు నొచ్చుకున్నారు. ఈ ఒక్క విషయంలో నా జవాబు మారదు. కోత జరుగుతున్నప్పుడు పిల్లలు పచ్చికలో ఉండకూడదు కూడా.

నిర్వహణ, మా తప్పులు

హవర్ మీటర్ ప్రకారం ఏడాదిలో బండి 96 గంటలు నడిచింది. కొత్త ఇంజిన్‌కు మొదటి ఆయిల్ మార్పు త్వరగానే, మనదానికి ఎనిమిది గంటలకే, చేయించాం. తర్వాత మాన్యువల్ చెప్పినట్టు యాభై గంటలకొకసారి. ఎయిర్ ఫిల్టర్ పాతిక గంటలకోసారి చూడాలి. ఎండలు ముదిరినప్పుడు దుమ్ముకు ఇంకా ముందే మూసుకుపోయింది. పని చేసేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా పెట్టమని డ్రైవర్లకు చెప్పాం. నెమ్మదిగా నడిపితే ఇంజిన్‌కు మంచిదనుకోవడం పొరపాటు. గాలితో చల్లబడే ఇంజిన్ ఇది, ఫ్యాను తగినంత తిరగకపోతే వేడెక్కుతుంది, బ్లేడు కూడా గడ్డిని కోయకుండా చీరుతుంది.

బ్లేళ్ల దగ్గర నేను చేసిన ఘనకార్యం అందరికీ తెలిసిందే అయినా రికార్డులో ఉండాలి. పదును పెట్టించి తెచ్చిన బ్లేళ్లు బిగించి కోత మొదలుపెట్టాను. గడ్డి కోసుకోవడం లేదు, వంగి లేస్తోంది. బ్లేళ్లను తిప్పే బెల్టు జారిందేమోనని గంటసేపు వెతికాను. చివరికి మన తోటమాలి వంగి చూసి, ‘సార్, బ్లేడు బోర్లా ఉంది’ అన్నాడు. బ్లేడు కొసల దగ్గర పైకి లేచిన రెక్క డెక్ వైపు ఉండాలి, అది గాలిని పైకి లాగి గడ్డి పరకను నిలబెడుతుంది. నేను దాన్ని నేలకు పెట్టాను. ఇప్పుడు ప్రతి బ్లేడు మీదా పెయింటుతో ‘పై’ అని రాయించాం. పదును పెట్టించాక బ్లేడు నడిమి రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి. ఒక పక్కకు వాలితే ఆ పక్క ఇంకొంచెం అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు స్పిండిల్, అంటే బ్లేడు తిరిగే ఇరుసు, దాని బేరింగులను తినేస్తుంది. ఈ పనులన్నిటికీ ముందు తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి.

మూడో నెలలో కోత మెట్లుమెట్లుగా రావడం మొదలైంది. ఒక వరస పొడుగ్గా, పక్క వరస బోడిగా, మొత్తం మీద ఎలుకలు కొరికిన తలలా. బ్లేళ్లు మార్చాం. డెక్ లెవెల్ సరిచేశాం. బ్లేడు కొసల దగ్గర కొలిచి రెండు పక్కలా సమానంగా, ముందువైపు వెనకకన్నా ఓ 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా పెట్టాం. అయినా అదే తంతు. మెకానిక్‌ను పిలవబోతుంటే తోటమాలే టైరును కాలితో నొక్కాడు. వెనక కుడి టైరులో 13 పీఎస్ఐ ఉండాల్సిన గాలి 7 ఉంది. బండి కుడికి వంగింది, డెక్ దాంతోపాటు వంగింది. లెవెల్ సరిచేసిందంతా వంగిన బండి మీదే కాబట్టి, గాలి కొట్టాక మళ్లీ మొదటి నుంచి సరిచేయాల్సి వచ్చింది! ఇప్పుడు ప్రతి కోతకూ ముందు గేజ్ పెట్టి నాలుగు టైర్లూ చూసి పుస్తకంలో రాస్తున్నాం.

ఇంకోటి. ఒకసారి స్టార్టర్ బ్యాటరీ చచ్చి బండి పచ్చిక నడుమ ఆగింది. నలుగురం తోసినా కదల్లేదు. గేర్‌బాక్సుల దగ్గర రెండు విడుదల మీటలుంటాయి, అవి లాగితేనే చక్రాలు తిరుగుతాయి. లాగాం, షెడ్డుకు తోశాం. మర్నాడు కొత్త బ్యాటరీ పెడితే ఇంజిన్ మోగుతుంది, బండి కదలదు. మీటలు తిరిగి వేయలేదు మరి. మరో బండికి తాడు కట్టి మాత్రం ఎప్పుడూ లాగకూడదు, గేర్‌బాక్సు పాడవుతుంది.

కోత అయ్యాక డెక్ కింద పేరుకున్న గడ్డిని చెక్క గరిటెతో గీకేయాలి. తడి గడ్డి అలాగే వదిలేస్తే రేకు తుప్పు పడుతుంది. ప్రెషర్ వాషర్ నీళ్లు బేరింగులకూ సీటు కింది స్విచ్చుకూ తగలనివ్వకండి. పెట్రోలు నెల దాటి నిల్వ ఉంటే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. చిన్న ఇంజిన్లు తయారుచేసేవాళ్లు చాలామంది ఇథనాల్ 10 శాతం వరకే ఒప్పుకుంటారు, కాబట్టి క్యాను నింపేటప్పుడు పంపు మీద రాసింది చదవండి.

పచ్చిక గురించి వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి న్యాయమైనదే. వరస చివర ఒక చక్రాన్ని ఆపి గిర్రున తిప్పడం వల్ల ఆ ఆగిన చక్రం గడ్డిని మెలిపెట్టి పీకేస్తోంది, గుండ్రటి మట్టి మచ్చలు పడ్డాయి. తిప్పగలదు కదా అని తిప్పకూడదు. కొంచెం వెనక్కి వచ్చి వై ఆకారంలో మలుపు తీసుకోవాలి, రెండు చక్రాలూ కదులుతూ ఉండాలి. ఎత్తులో మూడో వంతుకన్నా ఎక్కువ ఒకేసారి కోయొద్దని కూడా నిర్ణయించాం. ఆదివారం పొద్దున చప్పుడు గురించిన ఫిర్యాదుకు జవాబుగా కోతను శనివారం తొమ్మిది తర్వాతకు మార్చాం.

వచ్చే ఏడాదికి

గేర్‌బాక్సు నూనె, ఫిల్టర్ మొదటి మార్పు వంద గంటలకు, అంటే ఇంకో మూడు కోతల్లో వచ్చేస్తోంది. బ్లేళ్లు మరో జత కొనాలి. షెడ్డు వైరింగ్ అంచనా తెప్పిస్తాం. ప్రస్తుతం బండి నడపగలవాళ్లం ముగ్గురమే, ఒకరికి నడుము నొప్పి. పద్దెనిమిదేళ్లు నిండిన సభ్యులెవరైనా నేర్చుకోవచ్చు. మొదటి రెండు క్లాసులు బ్లేళ్లు ఆపి, ఖాళీ పార్కింగ్ స్థలంలో. లివర్లు గట్టిగా పట్టుకునే అలవాటు పోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. మూసిన బూట్లు, చెవులకు మఫ్లు మీవే తెచ్చుకోండి. పేర్లు ఈ నెలాఖరులోగా నోటీసు బోర్డు పక్కన ఉన్న పుస్తకంలో రాయండి. టైరు గాలి రాసేది వేరే పుస్తకం, అది షెడ్డులో ఉంటుంది.

– కన్వీనర్, పచ్చిక నిర్వహణ ఉపసంఘం