లిథాప్స్ విత్తడానికి మార్చి మన నెల కాదు

సంపాదకులకు,

గులకరాళ్లలా కనిపించే లిథాప్స్ మొక్కల విత్తన పొట్లాల మీద, ఇంటి తోటల శీర్షికల్లో ఒకటే సలహా కనిపిస్తోంది: వసంతంలో విత్తండి, పైన ప్లాస్టిక్ కప్పి వెచ్చగా ఉంచండి. చలిదేశాల వాళ్లకు అది సరిపోతుంది. తిరుపతిలో మార్చిలో విత్తితే వేరు పట్టకముందే ఎండలు ముదురుతాయి, నారంతా పోతుంది. డబ్బు పోసి విత్తనాలు తెప్పించుకున్నవాళ్లు తమ చెయ్యి మంచిది కాదనుకుని మానేస్తున్నారు. విత్తిన నెలే తప్పని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ఈ మొక్కల సొంత నేల దక్షిణాఫ్రికా, నమీబియా. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఇవి పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. మనకు మే నెలలో రాత్రిళ్లు కూడా ఉక్కే. ఆ వేడికి మొక్క పని ఆగిపోతుంది, వేరు నీరు తాగదు, పోసిన నీరు కుండీలోనే నిలిచి కుళ్లు పుడుతుంది. అందుకని ఇక్కడ నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు ముగిసేలోపు విత్తాలి. గదిలో 18 నుంచి 26 డిగ్రీలు ఉంటే వారం, రెండు వారాల్లో మొలుస్తాయి. వేసవి నాటికి మొక్కకు నాలుగైదు నెలల వయసు వస్తుంది.

మట్టి విషయంలో పొదుపు పనికిరాదు. కొట్టి జల్లించిన ఇటుక ముక్కలు గానీ, ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వతపు రాయి గానీ, 2 నుంచి 4 మిల్లీమీటర్లవి మూడు పాళ్లు, జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు కలపాలి. ఇసుక వాడితే దుమ్ము పోయేదాకా కడిగి, సన్న రేణువులు తీసేయాలి. లేకపోతే అవి సందుల్లో కూరుకుని గాలి ఆడనివ్వవు. కలిపిన మట్టిని పాత గిన్నెలో అరగంట ఆవిరి పట్టి చల్లార్చాలి. కుండీ లోతు 8 నుంచి 10 సెంటీమీటర్లుండాలి, ఎందుకంటే లిథాప్స్ వేరు కిందికి దిగుతుంది.

విత్తనాలు గసగసాల కన్నా చిన్నవి. పొడి ఇసుకతో కలిపి పైపైన చల్లాలి, మట్టి కప్పకూడదు. నీరు పైనుంచి పోయకుండా కుండీని పళ్లెంలో పెట్టి అడుగు నుంచి తాగనివ్వాలి. బోరు నీళ్లతో తెల్లటి పొర కట్టే ఇళ్లలో వాననీరో ఆర్వో నీరో మేలు.

ఎక్కువమంది నష్టపోయేది కుండీ మీద కప్పే ప్లాస్టిక్ మూతతోనే. మొలకలు కనిపించిన మూడు నాలుగు రోజుల నుంచి మూతను కొద్దికొద్దిగా తెరుస్తూ వారంలో తీసేయాలి. ఈశాన్య రుతుపవనాల తేమకు తోడు మూత కూడా ఉంటే పాకుడు పడుతుంది, ఆ వెనకే నారుకుళ్లు తెగులు వచ్చి మొలకలు మొదలు దగ్గర నీరుకారి ఒరిగిపోతాయి. ఒకటి ఒరిగిందంటే చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కలిపి పిచికారీ చేయాలి. ఫ్యాన్ తక్కువ వేగంలో తిరుగుతుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

కిటికీ వెలుతురు సాధారణంగా చాలదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబును మొలకలకు జానెడు ఎత్తులో కట్టి రోజుకు 12 గంటలు వెలిగించాలి. మొలకలు సన్నగా సాగుతుంటే లైటు దించాలి, ఎర్రబడుతుంటే కాస్త పైకి జరపాలి. తొలి వేసవిలో డాబా కింది వేడి గది వద్దు, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది చూడండి. పెద్ద మొక్కల్లా వీటిని పూర్తిగా ఎండగట్టకుండా, పది రోజులకోసారి సాయంత్రం పూట కొద్దిగా తడపాలి.

మన ఎండల్లోనే పెంచాలనుకునేవారికి ఎడారి గులాబీ అనే అడీనియం ఉంది. ఏప్రిల్‌లో విత్తనాన్ని పడుకోబెట్టి సన్నగా మట్టి కప్పితే వారంలోపే లేస్తుంది, నాలుగు ఆకులయ్యాక ఎండకు మార్చాలి. తాజా విత్తనమే కొనాలి. దాని పాలు విషం, పిల్లలకు అందనివ్వకండి. నీలం, ఊదా రంగుల లిథాప్స్ బొమ్మలు చూపించి అమ్మే పొట్లాలు మాత్రం శుద్ధ మోసం.

ఇంత శ్రమ ఎందుకు, పెరిగిన మొక్క కొనుక్కోవచ్చు కదా అనేవారున్నారు. దక్షిణాఫ్రికాలో లిథాప్స్ కుటుంబానికే చెందిన కోనోఫైటమ్ లాంటి మొక్కలను దొంగలు కొండల మీద నుంచి పెకలించి విదేశాలకు తరలిస్తున్నారు. శేషాచలంలో ఎర్రచందనం ఎలా పోతోందో చూస్తున్న మనకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. విత్తనం నుంచి పెంచిన మొక్క ఏ కొండనూ బోసి చేయదు. విత్తనాలను కూడా మన దేశంలోని అమ్మకందార్ల దగ్గరే కొనండి. విదేశాల నుంచి తెప్పిస్తే అనుమతి పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి.

మీ పత్రికలో విత్తే నెల చెప్పినప్పుడల్లా అది ఏ ఊరికో కూడా రాయించండి. మదనపల్లె చలికి, తిరుపతి ఉక్కకు ఒకే నెల కుదరదు.

– ఒక పాఠకుడు, తిరుపతి